బోర్డు కింద ఆరు మిల్లీమీటర్లు

కొత్త క్యాబినెట్ విప్పితే లోపల ఏదో మూలన చిన్న ప్లాస్టిక్ పొట్లం ఒకటి దొరుకుతుంది. అందులో మూడు నాలుగు రకాల స్క్రూలు, కేబుళ్లు కట్టే పట్టీలు, వాటి మధ్య కొన్ని ఇత్తడి ముక్కలు ఉంటాయి. ఒక్కోటి చిటికెన వేలి గోరంత. నడుము ఆరు పలకలుగా ఉంటుంది. కింది కొసన మర, పై కొసన స్క్రూ దిగడానికి రంధ్రం. వీటిని స్టాండాఫ్‌లంటారు. మొదటిసారి కంప్యూటర్ బిగించుకునేవాళ్లు చాలామంది ఈ పొట్లాన్ని పక్కన పెట్టేసి, మెరిసే ప్రాసెసర్ మీదా గ్రాఫిక్స్ కార్డు మీదా కళ్లు నిలుపుతారు. నన్నడిగితే మాత్రం కొత్త మెషిన్ ఆన్ అయ్యేదీ లేనిదీ ముందు తేల్చేది ఈ ఇత్తడి ముక్కే.

మొన్న వేసవిలో మా మేనల్లుడు ఇంటర్ పరీక్షలు రాసి, తన మొదటి కంప్యూటర్ తానే బిగించుకుంటానని పట్టుబట్టాడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, జంటనగరాల్లో అందరూ సీటీసీ అనే ఆ భవనానికి, ఇద్దరం కలిసి వెళ్లాం. షాపు షాపుకీ తిరిగి ధరలు కనుక్కుని, సాయంత్రానికి అట్టపెట్టెలు మోసుకుని ఇల్లు చేరాం.

"మామయ్యా, ప్రాసెసర్ పెట్టడమే కదా అన్నిటికన్నా కష్టం?" అన్నాడు దారిలో.

కాదన్నాను. ప్రాసెసర్‌కి ఒక మూల చిన్న త్రిభుజం గుర్తుంటుంది, సాకెట్‌ మీదా అదే గుర్తుంటుంది. రెండూ ఒక మూలకి తెచ్చి వదిలితే చాలు, నొక్కే పని లేకుండా కూర్చుంటుంది. ర్యామ్ అడుగున గాడి సరిగ్గా మధ్యలో ఉండదు, తిప్పి పెడితే దిగదు. చాలాచోట్ల మన చేత తప్పు చేయించకుండా తయారుచేసినవాళ్లే అడ్డుకట్ట వేసి పెట్టారు. మదర్‌బోర్డుని పెట్టెలోకి దించే చోట మాత్రం ఆ అడ్డుకట్ట లేదు. తప్పు చోట బిగించిన స్టాండాఫ్ కూడా ఒప్పు చోట బిగించినదానిలాగే గట్టిగా నిలబడుతుంది.

ఇందులో ప్రమాదమేమిటో తెలియాలంటే బోర్డుని తిరగేసి చూడాలి. పైన చూస్తే అదొక నగరం. సాకెట్లు, చిప్‌లు, కెపాసిటర్లు, స్లాట్లు వీధులు వీధులుగా ఉంటాయి. తిరగేస్తే మొలకల్లాంటి టాంకం మొనలు వందల కొద్దీ కనిపిస్తాయి. పైన గుచ్చిన ప్రతి సాకెట్ కాలూ ఇవతలికి పొడుచుకొచ్చి, ఇక్కడ సీసం రంగు బొట్టుగా ఆగింది. బోర్డు అసలు దళసరి 1.6 మిల్లీమీటర్లు. గాజు పీచు బట్టని ఎపాక్సీ జిగురులో తడిపి, పొరల మధ్య రాగి రేకులు పరిచి, వేడిలో అదిమి చేసిన పలక అది. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది రాగి పొరలుంటాయి. ఆ పొరల్లో కొన్ని 12 వోల్టులు, కొన్ని 5, కొన్ని 3.3 మోస్తాయి. ప్రాసెసర్‌కి వెళ్లే దారిలో వోల్టేజి ఒకటి దరిదాపుల్లోనే ఉంటుంది గానీ కరెంటు పదుల ఆంపియర్లు. ఇవన్నీ ఎక్కడో ఒక చోట వెనక వైపున మొనలుగా బయటపడతాయి.

ఇక క్యాబినెట్ సంగతి. అది ఉక్కు రేకు. కరెంటు సరఫరా చేసే పెట్టె, అంటే మనవాళ్లు ఎస్ఎంపీఎస్ అనేది, దానికే స్క్రూలతో బిగుస్తుంది. కాబట్టి క్యాబినెట్ మొత్తం సున్నా వోల్టుల దగ్గర, గ్రౌండ్‌గా ఉంటుంది. 12 వోల్టుల మొన ఆ రేకుకి తగిలితే కరెంటుకి చిప్‌ల గుండా వెళ్లాల్సిన చుట్టుదారి అక్కర్లేదు, అడ్డదారి దొరికినట్టే. అదే షార్ట్ సర్క్యూట్. స్టాండాఫ్ చేసే పనల్లా బోర్డుని రేకు మీద నుంచి సుమారు ఆరున్నర మిల్లీమీటర్లు లేపి పట్టుకోవడం. కింది మొనలు పొడుచుకొచ్చేది రెండు మిల్లీమీటర్లకి అటూ ఇటూ. మిగిలినదంతా గాలి. గాలికి మించిన చవకైన ఇన్సులేటర్ లేదు.

అయితే బోర్డు రేకుకి ఎక్కడా తగలకూడదా అంటే, తగలాలి. స్క్రూ రంధ్రాల చుట్టూ జాగ్రత్తగా చూస్తే రంగు పూయకుండా వదిలేసిన లోహపు వలయం కనిపిస్తుంది. అది లోపలి గ్రౌండ్ పొరకి కలిసి ఉంటుంది. స్క్రూ తల ఆ వలయాన్ని పైనుంచి, స్టాండాఫ్ కిందినుంచి పట్టుకుంటే బోర్డు గ్రౌండూ క్యాబినెట్టూ ఒకటవుతాయి. పూర్తి సైజు ఏటీఎక్స్ బోర్డుకి మామూలుగా తొమ్మిది రంధ్రాలుంటాయి. ఆ తొమ్మిది చోట్ల లోహం లోహాన్ని తాకాలి. ఆ తొమ్మిదీ తప్ప బోర్డు కింద ఇంకెక్కడా తాకకూడదు. బిగించడంలోని శాస్త్రమంతా ఈ మాటలోనే ఉంది.

పదవది తాకితే ఏమవుతుందో నాకు అనుభవమే. చాలా ఏళ్ల కిందట చిన్న సైజు మైక్రో ఏటీఎక్స్ బోర్డు తీసేసి, అదే క్యాబినెట్‌లో పెద్ద ఏటీఎక్స్ బోర్డు పెట్టుకున్నాను. చిన్న బోర్డు కింది వరుస కోసం బిగించిన రెండు స్టాండాఫ్‌లు అలాగే ఉండిపోయాయి. పెద్ద బోర్డులో ఆ చోట రంధ్రాలు లేవు. పైనుంచి చూస్తే అంతా సవ్యంగానే కనిపించింది. పవర్ బటన్ నొక్కాను. ఫ్యాన్ పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. ఆ పావు చుట్టుని నేను మర్చిపోలేదు. రాత్రి పదకొండింటికి అన్నీ ఊడదీసి బోర్డు తిరగేస్తే, స్లాట్ల అడుగున ఇత్తడి ఒత్తుకున్న గుండ్రటి గుర్తులు రెండు, మొనలు కొద్దిగా నలిగి కనిపించాయి. ఆ బోర్డు బతికింది. షార్ట్ జరిగిన క్షణాన ఎస్ఎంపీఎస్ తనను తాను ఆపేసుకుంటుంది, దాన్ని అలా రూపొందించారు. ఆ రక్షణ కూడా 12, 5, 3.3 వోల్టుల పెద్ద దారులకే. సున్నితమైన సిగ్నల్ తీగ ఏదైనా రేకుకి తగిలితే ఎస్ఎంపీఎస్‌కి తెలియదు. ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, డిస్‌ప్లే మాత్రం రాదు. తప్పెక్కడుందో వెతకడం దానితో పదింతలు కష్టం.

అందుకే మేనల్లుడికి ముందు చెప్పిన పని స్క్రూడ్రైవర్ పట్టమని కాదు. బోర్డుని వచ్చిన అట్టపెట్టె మీదే పెట్టి రంధ్రాలు లెక్కపెట్టమన్నాను. వాడిది మైక్రో ఏటీఎక్స్. ఎనిమిది. తర్వాత క్యాబినెట్ పళ్లెంలో అప్పటికే బిగించి వచ్చిన స్టాండాఫ్‌లు లెక్కపెట్టమన్నాను. ఆరు. ఇంకో రెండు ఎక్కడ బిగించాలో పళ్లెం మీద చిన్న అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఏది ఏటీఎక్స్‌కో, ఏది మైక్రోకో అవే చెప్తాయి. అక్షరాలు లేని క్యాబినెట్ అయితే బోర్డుని పైన తేలిగ్గా పట్టుకుని, రంధ్రంలోంచి కిందికి చూసి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి.

"ఈ కంపెనీ పెట్టెకి ఆ కంపెనీ బోర్డు రంధ్రాలు ఎట్లా కుదిరినయ్ మామయ్యా?" అన్నాడు.

మంచి ప్రశ్న. దీనికి జవాబు వాడు పుట్టకముందు, ఇంకా చెప్పాలంటే వాళ్లమ్మ పెళ్లికి ముందు మొదలైంది. 1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ని విడుదల చేసింది. అందులో ఎక్స్‌పాన్షన్ కార్డులకు ఐదు స్లాట్లు, ఒకదానికొకటి అంగుళం ఎడం. 1983లో వచ్చిన ఎక్స్‌టీ మోడల్‌లో ఎనిమిది స్లాట్లు పట్టాల్సి వచ్చి ఆ ఎడాన్ని 0.8 అంగుళానికి, అంటే 20.32 మిల్లీమీటర్లకి తగ్గించారు. ఈ రోజు కొన్న క్యాబినెట్ వెనక, గ్రాఫిక్స్ కార్డు బయటికి వచ్చే సన్నటి కిటికీల మధ్య దూరం స్కేలు పెట్టి కొలవండి. ఇప్పటికీ 20.32 మిల్లీమీటర్లే. ప్రాసెసర్లు ఎన్ని తరాలు మారాయో, ఆ ఎడం మాత్రం నలభై ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదు.

1984 నాటి ఏటీ మోడల్ బోర్డునీ, దాన్ని కుదించిన బేబీ ఏటీనీ ప్రపంచమంతా పదేళ్లు వాడింది. వాటికి ఇబ్బందులుండేవి. బోర్డు మీద నేరుగా ఉండే పోర్టు కీబోర్డుది ఒక్కటే. మౌస్, ప్రింటర్ పోర్టులన్నీ పట్టీ కేబుళ్లతో వెనక రేకుకి లాక్కోవాలి. ప్రాసెసర్ సరిగ్గా పొడవాటి కార్డులకి అడ్డంగా ఉండేది. కరెంటు ఇచ్చే కనెక్టర్లు రెండు, ఒకే పోలికలో ఉండేవి. నల్ల తీగలు రెండూ మధ్యలో పక్కపక్కన రావాలని గుర్తుంచుకోవాలి, తారుమారైతే బోర్డు మాడిపోయేది. అన్నిటికన్నా భయంకరం ముందు బటన్. ఇంటి కరెంటు, అంటే మన దగ్గర 230 వోల్టులు, నేరుగా ఆ బటన్ దాకా వచ్చేది.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు ప్రకటించింది. బేబీ ఏటీ బోర్డుని నిలువు నుంచి అడ్డానికి తిప్పినట్టు చేసి, ప్రాసెసర్‌ని కార్డుల దారిలోంచి తప్పించింది. 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. ఏ రంధ్రం ఏ అంచుకి ఎంత దూరమో అంగుళంలో వెయ్యో వంతు దాకా రాసి పెట్టింది. 1997లో 244 మిల్లీమీటర్ల చదరంగా మైక్రో ఏటీఎక్స్, 2001లో తైవాన్ కంపెనీ వయా నుంచి 170 మిల్లీమీటర్ల చదరంగా మినీ ఐటీఎక్స్ వచ్చాయి. చిన్నవాటి రంధ్రాల్లో ఎక్కువ భాగం పెద్దదాని రంధ్రాలతో కలిసేట్టే పెట్టారు. అందుకే పెద్ద క్యాబినెట్‌లో చిన్న బోర్డు పడుతుంది. 2004లో అదే ఇంటెల్, గాలి ఆడేందుకు ఇంకా మేలైన అమరిక అంటూ బీటీఎక్స్ తెచ్చింది. రెండేళ్లలోనే దాన్ని వదిలేసుకుంది. తర్వాతి ప్రాసెసర్ల వేడి తగ్గడం ఒక కారణమైతే, ఊరూరా అప్పటికే ఉన్న ఏటీఎక్స్ క్యాబినెట్లు ఇంకో కారణం. పుట్టించిన కంపెనీ కూడా మార్చలేనంతగా ఆ రంధ్రాలు పాతుకుపోయాయి. తైవాన్‌లోనో చైనాలోనో ఒకరినొకరు ఎరగని వాళ్లు కొట్టిన రంధ్రాలు మా ఇంటి చాప మీద ఒకదాని మీదొకటి సరిగ్గా కూర్చోవడం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

బోర్డు దించే ముందు వెనక రేకు సంగతి చూడాలి. బోర్డుతో పాటు వచ్చే పలుచటి రేకు అది, పోర్టుల ఆకారంలో కంతలుంటాయి. ఐఓ షీల్డ్ అంటారు. క్యాబినెట్ వెనక ఉండే దీర్ఘచతురస్రపు కంతలో దీన్ని లోపలినుంచి నాలుగు మూలలా టక్కుమనేదాకా నొక్కాలి. ఖరీదైన బోర్డులకి ఇప్పుడు ఇది ముందే అతికి వస్తోంది. మామూలువాటికి రాదు. మర్చిపోయి బోర్డు బిగించేస్తే తొమ్మిది స్క్రూలూ మళ్లీ విప్పాలి. అప్పుడు చాలామందికి, దుమ్ము ఆపే రేకే కదా, లేకపోతేనేం అనిపిస్తుంది.

దుమ్ముతో పాటు అది రేడియో తరంగాలనీ ఆపుతుంది. మైకేల్ ఫారడే 1836లో ఒక గది గోడలకి లోహపు రేకు తాపడం చేసి, బయట ఎంత విద్యుత్తు మెరిసినా లోపల జాడ తెలియదని చూపించాడు. మన క్యాబినెట్ అలాంటి గదే. లోపల సెకనుకి కోట్ల సార్లు కొట్టుకునే చిప్‌ల గడియారాల అలలు బయటికి పోకుండా, బయటివి లోపలికి రాకుండా కాస్తుంది. కానీ లోహపు గోడలో పొడవాటి కంత ఉంటే, ఆ కంతే యాంటెన్నాలా పనిచేయగలదు. కంత పొడవు అల పొడవులో సగమైతే ఆ అల తేలిగ్గా దాటిపోతుంది. వెనక కంత పొడవు 158.75 మిల్లీమీటర్లు. లెక్క కడితే సుమారు 945 మెగాహెర్ట్జ్ వస్తుంది. మొబైల్ ఫోన్లకి కేటాయించిన 900 మెగాహెర్ట్జ్ పట్టీలోనే పడుతుందన్నమాట. షీల్డ్ ఆ పెద్ద కంతని చిన్న చిన్న కంతలుగా కోసేస్తుంది. దాని మీద స్ప్రింగుల్లా లేచి ఉండే నాలుకలు ప్రతి పోర్టు లోహాన్నీ ఒత్తుకుని పట్టుకుంటాయి. ఆ నాలుక ఒకటి పోర్టు కంతలోకి దూరిపోకుండా బోర్డు దించేటప్పుడు కనిపెట్టుకోవాలి. యూఎస్‌బీ కంతలో నాలుక ఇరుక్కుంటే అది కూడా అక్కర్లేని తాకిడే.

మన ఒంటి విద్యుత్తు సంగతి చెప్పకపోతే కథ సగమే. పాలిస్టర్ బట్టలతో ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచినప్పుడు మన ఒంట్లో వేల వోల్టులు చేరవచ్చు. చురుక్కుమని మనకి తెలియాలంటే దాదాపు మూడు వేల వోల్టులుండాలి. లోపలి ట్రాన్సిస్టర్ల ఇన్సులేషన్ పొర కొన్ని నానోమీటర్ల మందమే కనుక, కొన్ని చిప్‌లు దెబ్బతినడానికి వంద చాలు. అంటే మనకి తెలియకుండానే చంపేయవచ్చు. కాకినాడ, విశాఖల్లో గాలి తేమకి ఆ చార్జి నిలవదు. ఎండాకాలపు ఆదిలాబాద్, అనంతపురంలోనో, గంటల తరబడి ఏసీ ఆడే గదిలోనో నిలుస్తుంది.

మందు తేలికే. ఎస్ఎంపీఎస్‌ని క్యాబినెట్‌లో బిగించి, మూడు పిన్నుల ప్లగ్గు గోడకి గుచ్చి, గోడ స్విచ్చూ ఎస్ఎంపీఎస్ వెనక స్విచ్చూ రెండూ ఆపేసి ఉంచాలి. మన స్విచ్‌బోర్డుల్లో స్విచ్ తెంచేది ఫేజ్ తీగనే. ఎర్త్ పిన్ మాత్రం అలాగే భూమికి కలిసి ఉంటుంది. ఇక పని చేస్తున్నంతసేపూ రంగు లేని లోహం మీద అప్పుడప్పుడూ చెయ్యి ఆనిస్తే ఒంట్లో చార్జి భూమిలోకి దిగిపోతుంది.

ఇది ఇంట్లో ఎర్తింగ్ నిజంగా ఉన్నప్పటి మాట. చాలా పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. అలాంటి ఇళ్లలో నడుస్తున్న కంప్యూటర్ క్యాబినెట్‌ని వట్టి కాళ్లతో ముట్టుకుంటే జివ్వుమంటుంది. ఎస్ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు క్యాబినెట్‌కి కలిపి ఉంటాయి. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ ఆ రెంటి మధ్య, సగం వోల్టేజి దగ్గర, అంటే 115 దరిదాపుల్లో తేలుతుంది. కరెంటు మిల్లీ ఆంపియర్‌లో చిన్న భాగమే కాబట్టి జివ్వుమనడంతో పోతుంది. కానీ అది ఇంటి గోడ చెప్తున్న మాట. రేపు లోపల నిజంగా ఫేజ్ తీగ రేకుకి తగిలితే కాపాడేది ఏదీ ఇక్కడ లేదని దానర్థం. అలాంటి ఇంట్లో ప్లగ్గు పీకేసే బోర్డు బిగించాలి. మొదటి కంప్యూటర్ కొనేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది, ఎల్ఈడీ రంగులకి పెట్టే డబ్బుతో ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించుకోమని.

ఇక స్క్రూలు. పొట్లంలో రెండు రకాల మరలుంటాయి, చూపుకి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకటి అమెరికన్ కొలత, అంగుళానికి 32 చుట్లు, మూడున్నర మిల్లీమీటర్ల లావు. ఇంకోటి మెట్రిక్, మూడు మిల్లీమీటర్ల లావు, చుట్టుకి అర మిల్లీమీటరు. స్టాండాఫ్‌లకి ఎక్కువగా పట్టేది మొదటిది. సన్నది లావు రంధ్రంలో వేస్తే ఊగుతుంది, లావుది సన్న రంధ్రంలో ఒక చుట్టుకే బిగుసుకుపోతుంది. అక్కడ బలం చూపిస్తే మర తెగుతుంది. అందుకే పొట్లం విప్పగానే ఒక్కో రకం స్క్రూని ఖాళీ స్టాండాఫ్‌లో చేత్తో తిప్పి చూడాలి.

బోర్డుని పోర్టుల వైపు కొద్దిగా వాల్చి, షీల్డ్‌లోకి జరుపుతూ మెల్లగా పడుకోబెట్టాలి. షీల్డ్ నాలుకలు వెనక్కి నెడతాయి కాబట్టి రంధ్రాలు ఒక పిసరు పక్కకి కనిపిస్తాయి. ఎడమ చేత్తో బోర్డుని షీల్డ్ వైపు నెట్టి పట్టుకుని, ముందు మధ్య స్క్రూ పట్టించాలి. తర్వాత మూలలు. మంచం కోళ్లు బిగించినట్టే, అన్నీ పట్టించిన తర్వాతే ఒక్కోటీ కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. ఒకటి పూర్తిగా బిగించేసి రెండోదానికి పోతే బోర్డు మెలిపడుతుంది. మెలిపడితే పెంకుల్లా పెళుసుగా ఉండే సిరామిక్ కెపాసిటర్లలో కంటికి కనిపించని పగులు వస్తుంది, అది నెలల తర్వాత బయటపడుతుంది. స్క్రూ ఆగిన చోట ఇంకొక్క చిన్న మెలి చాలు. అన్ని స్క్రూలూ ఎందుకు, నాలుగు మూలలా నాలుగు చాలవా అని వాడు అడిగాడు. నిలబెట్టిన క్యాబినెట్‌లో బోర్డు గోడకి వేలాడే పటంలా ఉంటుంది. దాని మీద అర కిలో నుంచి కిలో దాకా బరువుండే కూలర్, ఇంకో కిలో గ్రాఫిక్స్ కార్డు పక్కకి లాగుతుంటాయి. ర్యామ్ గుచ్చేటప్పుడూ, 24 పిన్నుల కనెక్టర్ నొక్కేటప్పుడూ మన బొటనవేళ్ల బలమంతా బోర్డు మీదే. కింద ఆసరా లేనిచోట అది వంగుతుంది, ఆరు మిల్లీమీటర్ల ఖాళీ తగ్గిపోతుంది.

చివరికి మిగిలేవి ముందు బటన్ల సన్నటి తీగలు. బోర్డు కింది మూలన రెండు వరుసల్లో తొమ్మిది పిన్నులు, పదోది ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీయే దిక్సూచి. పవర్, రీసెట్ తీగలు ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తాయి, అవి ఉత్త స్విచ్చులే. లైట్ల తీగలకి ప్లస్ మైనస్ ఉంటుంది, తిరగబడితే వెలగవు, అంతే. ఏటీ కాలంలో 230 వోల్టులు మోసిన ఆ బటన్ ఇప్పుడు మోసేది ఐదు వోల్టులు మించని సైగని మాత్రమే. ఎస్ఎంపీఎస్‌కి నిద్ర లేవమని బోర్డు చెప్పాలని బోర్డుకి మనం చెప్తున్నామన్నమాట. అందుకే బటన్ పాడైతే స్టార్ స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండు పిన్నులూ ఒక క్షణం కలిపినా మెషిన్ లేస్తుంది.

వాడు బటన్ నొక్కాడు. నేను ఫ్యాన్ వైపే చూస్తున్నాను. పావు చుట్టు దాటింది, అర దాటింది, రెక్కలు కలిసిపోయి గుండ్రటి నీడైపోయింది. కాసేపటికి తెర మీద అక్షరాలు వచ్చాయి. వాడు వాళ్లమ్మని కేకేశాడు.

పొట్లంలో ఇంకా మూడు ఇత్తడి ముక్కలు మిగిలాయి. పెద్ద బోర్డు కింది వరుసకి పట్టేవి. పారేయబోతుంటే ఆపాను. మూతి మడిచి, టేపు వేసి, క్యాబినెట్ పక్క తలుపు లోపలి వైపు అతికించాడు.